రక్తదీపిక: రౌటరు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "రౌటరు నాపి, ముప్పది సెకన్లాగి, మరల వేయుడు. ఎర్రదీపము పోకున్నచో మరల నాపుడు."

అవతారిక: సంతబొమ్మాళి మండలమున ఒకానొక గృహస్థు, ఇంట నెట్టు పోగా కస్టమర్ కేరుకు ఫోను చేసి, తన కాలు వారికెంతో ముఖ్యమని పలుమారులు విని, ఒకటి నొక్కి, తొమ్మిది నొక్కి లోపలికి పోగా, అచటి ఆచార్యుడు ఈ సూత్రమును ఉపదేశించెను.

టీక: రౌటరు, సెకన్లు సులభములు, వదిలివేయడమైనది. 'ఆపి' అనునది క్త్వార్థకము. ముందు పనికీ వెనుక పనికీ కర్త ఒక్కడే కావలెనని పాణిని నియమము. మా పల్లెలలోనో, ఆపునది కరెంటు, వేసుకొనువారము మేము. కర్తృభేదము చేత సూత్రము మా పల్లెలకు చెల్లదని పూర్వపక్షము. ఇన్వర్టరు గలవాడే ఇందుకు అధికారి యని నవీనులు.

'ముప్పది సెకన్లు' ఎందుకనగా, పెట్టెలోని కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోవుటకు. పెట్టె వేడెక్కి మొరాయించినచో ఈ వైద్యము నిజముగనే పనిచేయును, కాదనము. అయితే వెనుకనున్న సూదిబెజ్జములో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కుట వేరు. అది రీసెట్టు. పాస్‌వర్డుతో సహా అన్నీ పోవును. ఈ భేదము సూత్రకారుడు చెప్పడు, జనం నొక్కేస్తారు.

'ఎర్రదీపము': ఇచట కొంత విస్తరింతుము. అనవసరమైనది చెప్పనన్నాడు వ్యాఖ్యాత మల్లినాథసూరి. ఆయనకు ఫైబరు కనెక్షను లేదు. దీపము క్రింద 'ఎల్‌ఓఎస్' అని మూడక్షరములుండును. వెంట్రుకంత గాజుపోగులో కంటికి కానరాని వెలుగు పెట్టె దాకా వచ్చుట లేదని దాని భావము. ఆ పోగు మా వైపు స్తంభాల మీదుగా, కొబ్బరి తోటల నడుమ నుంచి వస్తుంది. కమ్మ రాలి పడితే సాగుతుంది. మరీ మెలి పడితే, తెగకపోయినా వెలుగు పక్కకి జారిపోతుంది. ఉడత కొరికితే సరేసరి. గాజుకు తుప్పు లేదు గానీ, నౌపడ ఉప్పుమడుల మీది గాలికి దాన్ని పట్టుకున్న ఇనప కొక్కేలకు ఉంది.

స్తంభాల మాట వచ్చింది కనుక. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. స్తంభాలు వేలల్లో కూలాయి. వాటిని మళ్ళీ నిలబెట్టారు, తీగలు లాగారు. కొబ్బరిని అలా నిలబెట్టలేం. నాటు మొక్క పెడితే కాపుకు ఆరేడేళ్ళు. జీడితోట పోయినవాడు పలాసలో పిక్కల బస్తా ధర అడగడం మానేశాడు. కూలిన చెట్టును ఒకసారి ఆపి మళ్ళీ వేయమని ఆ రోజుల్లో ఎవరూ ఫోను చేయలేదు.

ప్రకృతమనుసరింతుము.

తాత్పర్యం: తీగ తెగింది వీధిలో, ప్రాయశ్చిత్తం ఇంట్లో. ఎర్రదీపం వెలుగుతోందని మొదటి మాటగానే చెప్పాను. అయినా ఆపమన్నారు, ఆపాను. రెండో మనిషి వచ్చి మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు, చెప్పాను. ఆయనా ఆపమన్నాడు. మా అమ్మాయి పరీక్ష దరఖాస్తుకు అది ఆఖరి రోజు. టెక్కలి బస్సెక్కి నెట్ సెంటర్లో కట్టి వచ్చాం.

ఫలశ్రుతి: సాయంత్రమునకు 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది' అని సందేశము వచ్చును. ఇది కర్మణి ప్రయోగము. కర్త ఎవరో విచారింపగా దొరకలేదు. దీపము ఎర్రగానే యున్నది.

పాఠాంతరం: 'మరల నాపుడు' అనుచోట 'నిచ్చెనతో మనిషిని పంపుడు' అని యుండవలెనని మా అభిప్రాయము. ఈ పాఠము ఏ ప్రతిలోనూ కానరాదు.