నెత్తురెరగని గుండెను

నేను గుండెనే. కాని పుట్టిన దగ్గర్నుంచి ఒక్క చుక్క నెత్తురు చూడలేదు. నాలో తిరిగేది జనం, ముఖ్యంగా పిల్లలు.

మకాం ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్. మిల్డ్రెడ్ ఫైఫర్ అనే డాక్టరమ్మ ఆలోచనలోంచి పుట్టి, 1954 జనవరిలో జనానికి దారి తెరిచాను. అప్పటి ఒళ్లు కర్ర, ఇనప వల, కాగితపు గుజ్జు. కొన్నాళ్లుంచి తీసేద్దామనుకున్నారు గాని, జనం వదల్లేదు. తర్వాత ఫైబర్‌గ్లాస్ ఒళ్లొచ్చింది. నాకు సరిపడే మనిషంటూ ఉంటే 220 అడుగుల పొడవుంటాడు.

నేను పుట్టడానికి ముందు, 1953 మే 6న, ఇదే ఊళ్లోని జెఫర్సన్ ఆసుపత్రిలో డాక్టర్ జాన్ గిబ్బన్ తయారు చేసిన యంత్రం ఓ పద్దెనిమిదేళ్ల అమ్మాయి గుండె పనినీ ఊపిరితిత్తుల పనినీ 26 నిమిషాలు తానే చేసింది. దానికి గుండె పోలికే లేదు. నాకేమో పోలిక తప్ప పని లేదు.

పిల్లలు కుడివైపు పై గదిలో దూరి, కింది గదిలోకి దిగి, ఊపిరితిత్తులు చుట్టొచ్చి, ఎడమవైపు గదులు దాటి బృహద్ధమనిలోంచి బయటపడతారు. దారి సరైనదే. చిక్కేమిటంటే, ముందు కుడివైపు కొట్టుకుని, ఆనక ఎడమవైపు కొట్టుకుంటుందనుకుని ఇంటికెళ్తారు. అసలు గుండెలో రెండు వైపులా ఒకేసారి జరుగుతుంది. కుడి జఠరిక, అంటే కింది గది, ఊపిరితిత్తులకు నెత్తురు నెట్టే క్షణంలోనే ఎడమ జఠరిక ఒంటికంతా పంపుతుంది.

ఒక్క స్పందన సుమారు 0.8 సెకను. అందులో సగానికి పైగా విశ్రాంతే. ఆ విశ్రాంతిలోనే పై గదుల నెత్తురు చాలావరకు తనంత తానే కింది గదుల్లోకి జారిపోతుంది. అప్పుడు కుడి కర్ణిక, అంటే పై గది, పైభాగంలో విద్యుత్తు పుడుతుంది. కర్ణికలు ముడుచుకుని మిగిలినదాన్ని కిందికి నెడతాయి. ఆ విద్యుత్తు కిందికి దిగబోతూ మధ్యలో సెకనులో పదో వంతు ఆగుతుంది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ఆగడమే. అదే లేకపోతే పైగదులూ కిందిగదులూ ఒకేసారి ముడుచుకుని ఒకదాని పని ఒకటి చెడగొట్టుకుంటాయి.

ఆ తర్వాత జఠరికలు తడిబట్టను పిండినట్టు మెలితిరుగుతూ ముడుచుకుంటాయి. పై గదులకూ కింది గదులకూ మధ్యనున్న కవాటాలు, అంటే తలుపులు, మూసుకుంటాయి: లబ్. బయటి కవాటాలు ఇంకా తెరుచుకోలేదు. రెప్పపాటు నాలుగు తలుపులూ మూతే, లోపల ఒత్తిడి మాత్రం పెరుగుతుంటుంది. ధమనిలోని ఒత్తిడిని మించాక తలుపు తెరుచుకుని 70 మిల్లీలీటర్ల దాకా బయటికి చిమ్ముతుంది. కండ సడలగానే బయటి కవాటాలు మూసుకుంటాయి: డబ్. చప్పుడు కండదనుకుంటారు చాలామంది. నా లోపల వినిపించే చప్పుడూ ఆ తలుపులదే. కాకపోతే నాకు స్పీకరుంది.

న్యూజెర్సీ నుంచి తెలుగువాళ్లూ వస్తుంటారు. ఓసారి "అమ్మమ్మా, నువ్వూ రా!" అని ఓ పిల్లాడు లాగితే, నా ఇరుకు మెట్లు చూసి ఆవిడ, "నా గుండెతోనే వేగలేకపోతున్నానురా, దీంట్లో కూడానా!" అని బయటే కూర్చుంది.

అసలు కవాటాలు నెత్తురును ముందుకే పోనిస్తాయి. నా కవాటాలకు ఆ కట్టుబాటు లేదు. ఆ పిల్లాడు ఎడమ జఠరిక దాకా వెళ్లి, చెప్పు జారిందని ఎదురు నడక నడిచాడు. వెనకున్న బడిపిల్లలంతా వాడికోసం పక్కకు ఒదిగారు. డాక్టర్లెవరైనా చూసుంటే కవాటం లీకని నాకు ఆపరేషన్ రాసేవాళ్లు.