ఒక్క మాట చెప్పి ముగిస్తాను

మా సంఘంలో "ఒక్క మాట చెప్పి ముగిస్తాను" అంటే ఇంకా ముప్పావుగంట ఉందని అర్థం. "ఆఖరుగా" అంటే అరగంట. "కళ్లు మూసుకుందాం" అన్నాక కూడా నమ్మడానికి లేదు. మర్చిపోయిన మూడో పాయింటు అప్పుడు గుర్తొస్తుంది, దాన్ని దేవుడికి చెబుతున్నట్టుగా మనకే చెబుతారు. మొన్నటి జ్ఞాపకార్థ కూడిక నుంచి ఈ బాధ నన్ను వదలడం లేదు. పోయినావిడ బతికున్నంతకాలం రెండు ముక్కలకి మించి మాట్లాడి ఎరగదు. ఆవిడ పేరు మీద ముగ్గురు దైవజనులు పోటీపడి వాక్యం చెప్పారు. షామియానా వెనక బిర్యానీ చల్లారిపోతోంది, ముందు వరసలో షుగరు పేషెంట్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

గొణిగితే పెద్దలు పౌలుగారిని అడ్డం పెడతారు. "త్రోయలో ఆయన తెల్లవార్లూ బోధించలేదా?" అంటారు. బోధించారు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం. నాకూ ఇష్టమైన అధ్యాయమే, కాకపోతే నేను కిటికీ వైపు నుంచి చదువుతాను. ఆ కిటికీలో కూర్చుని, కునికిపాట్లు పడి, మూడో అంతస్తు నుంచి కిందపడి చచ్చిపోయిన ఐతుకు అనే కుర్రాడి పక్షాన మా సంఘంలో ఎవరూ వాదించగా వినలేదు కాబట్టి నేను వాదిస్తాను.

ఆ మేడగదిలో చాలా దీపాలున్నాయని లూకా పనిగట్టుకుని రాశాడు. లూకా వైద్యుడు, ఊరికే రాయడు. దీపాల పొగ, జనం, ఉక్కపోత. ఐతుకు గాలి కోసమే కిటికీ ఎక్కి ఉంటాడు. అంటే మెలకువగా ఉండటానికి తన వంతు ప్రయత్నం తను చేశాడన్నమాట. పైగా అది ఆదివారం. అప్పట్లో ఆదివారం సెలవు లేదు. పగలంతా ఎక్కడో చాకిరీ చేసొచ్చే ఉంటాడు. అయినా అర్ధరాత్రి దాకా కూర్చున్నాడు! మన యూత్‌లో కూర్చునేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. అంతటివాణ్ణి పట్టుకుని సండే స్కూలు టీచర్లు "గుడిలో నిద్రపోతే ఏమవుతుందో చూశారా" అని పిల్లల్ని బెదిరిస్తారు. "ఎడతెగకుండా మాట్లాడితే ఏమవుతుందో చూశారా" అని ప్రసంగీకుల్ని మాత్రం ఎవరూ బెదిరించరు.

పౌలు దిగొచ్చి, కుర్రాణ్ణి కౌగిలించుకుని, ప్రాణం ఉందని చెప్పి, పైకెళ్లి రొట్టె విరిచి తిని, మళ్లీ తెల్లారేదాకా మాట్లాడాడు. ఆయనకి చెల్లింది. పొద్దున్నే ప్రయాణం, పైగా పడ్డవాణ్ణి లేపగల మనిషి. మా అయ్యగారు వచ్చే ఆదివారం కూడా ఇక్కడే ఉంటారు. లేపడం సంగతంటారా, ఆయన వర్తమానానికి చివరి బెంచీలో కునుకు తీసే వాచ్‌మనే లేచింది లేదు.

మైకు వదలనివాళ్లు కుర్చీ కూడా వదలరు. లేవీయులు 25 ఏళ్లకి పనిలో చేరి 50 ఏళ్లకి మానేయాలనీ, ఆపైన తోటివాళ్లకి సాయంగా ఉండొచ్చు గానీ ఆ పని చేయకూడదనీ సంఖ్యాకాండం 8వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. దాని మీద వర్తమానం నా జన్మలో వినలేదు. ఏలీ మీద విన్నాను, కొడుకుల్ని అదుపులో పెట్టుకోలేదని. 40 ఏళ్లు తీర్పు తీర్చి, 98 ఏళ్ల వయసులో, చూపు పోయి, ఆ కుర్చీ మీంచే వెనక్కి పడి మెడ విరిగి పోయాడన్నది మాత్రం దాటేస్తారు. 2013లో పోపు పదహారవ బెనెడిక్ట్ ఓపిక తగ్గిందని చెప్పి దిగిపోయారు. అంతకుముందు ఒక పోపు దిగింది 1415లో. ఈ సంగతి మా ట్రెజరర్ గారి చెవిన వేస్తే, "వాళ్లు రోమన్ కేథలిక్కులు కదండీ" అన్నారు. తన పరుగు ముగిసిందని పౌలు తిమోతికి రాసిన మాట ఆయనకి కంఠతా వచ్చు. మావాళ్లకి అది సమాధుల మీద చెక్కించుకునే మాట, బతికుండగా వాడరు.

మా పాత అయ్యగారు మాత్రం చెప్పిన రోజుకి చెప్పినట్టు దిగిపోయారు. నెల తిరక్కుండా పార్సనేజీ ఖాళీ చేయించారు. పేటలో సగంమందికి బాప్తిస్మం ఇచ్చిన మనిషి, ఇప్పుడు కొడుకింట్లో ఉంటూ ఆదివారం వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటున్నారు. ప్రార్థన చేయమని కూడా కమిటీ అడగదు, మొదలుపెడితే ఆపరని భయం. మొన్న భోజనాల దగ్గర "ఏం బాబూ, బాగున్నావా?" అని నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చెప్పడానికి ఆయన దగ్గర పెద్దగా ఏమీ లేదు కూడా. ఏలీయా చెట్టుకింద పడుకుని ఇక చాలన్నప్పుడు దేవుడు ముందు రొట్టె, నీళ్లు పెట్టించి, పడుకోనిచ్చి, మళ్లీ తినిపించి, ఆ తర్వాతెప్పుడో వారసుడిగా ఎలీషా పేరెత్తాడు. మా కమిటీ ఎలీషాతోనే మొదలుపెట్టింది.

ట్రెజరర్ గారు ఇదంతా దగ్గరుండి చూసినవారే. ఈసారీ నామినేషన్ వేశారు.