పట్టుటయు విడుచుటయు

నల్లమల కొండలను కోసికొని పాఱు కృష్ణవేణికి అడ్డముగా, మల్లికార్జునుని క్షేత్రమునకు అనతిదూరమున, ఇరుగట్ల కొండలకు భుజములానించి నిలిచిన శ్రీశైలపు ఆనకట్టను నేను. 1963లో నెహ్రూ మహాశయుడు నాకు శంకుస్థాపన గావించెను; నేను నీటిని నిలుపునప్పటికి సుమారు రెండు దశాబ్దములు గడచిపోయెను. మొదట నన్ను విద్యుత్తు కొఱకే సంకల్పించిరి. కుడిగట్టున ఏడు యంత్రములును, ఎడమగట్టున కొండ కడుపులో ఆఱును నా నీటితో తిరుగుచున్నవి. పిమ్మట రాయలసీమ దాహము నన్నాశ్రయించినది. పోతిరెడ్డిపాడు తూముల గుండ పోవు నీరు నేడు చెన్నపట్టణపు కుళాయిల దాక చేరుచున్నది.

ఈ ఉపకారమునకు మూల్యము చెల్లించినవారు నా వెనుక నీట ఇండ్లు వాకిండ్లు మునుగగా కట్టుబట్టలతో లేచిపోయిన పల్లెజనులు. ఆ పల్లెలవలెనే నీట మునిగిన సంగమేశ్వరుని గుడి వేసవిలో నీరు తగ్గి బయటపడినప్పుడు, భక్తులు బురద త్రొక్కుకొనుచు వచ్చి అందలి వేపకొయ్య లింగమునకు మ్రొక్కుదురు. ఇల్లు విడిచిన ఆ పల్లెజనుల ఋణము నేటికిని తీరలేదనియే నా విశ్వాసము.

నీటిని నిలిపినందులకు నన్ను పొగడువారు పెక్కురు. వేళ యెఱిగి విడుచుట అంతకంటె కఠినమైన విద్య. విద్యుత్తు కోరువారికిని పైరు కోరువారికిని నేను నిండుగా నుండవలెను. దిగువ ఊళ్ల క్షేమమునకో, నాలో కొంత చోటు ఖాళీగా నుండవలెను. నా పండ్రెండు గేట్లలో ఒకటి లేచుటకు ముందు సైరను మ్రోగును. అది వినినంతనే లింగాలగట్టు జాలరులు పుట్టులను ఒడ్డునకు లాగి, బోర్లించి, తడివలలు భుజమున వేసికొని పైకెక్కుదురు.

2009 అక్టోబరు వఱద నేను మఱవజాలనిది. కృష్ణయు తుంగభద్రయు ఒక్కమాఱుగా పొంగి, సుమారు 25 లక్షల క్యూసెక్కుల వెల్లువ నాపై విఱుచుకొని పడెను. గేట్లన్నియు ఎత్తినను, 885 అడుగుల నిండుమట్టమును మీఱి నీరు 896 అడుగుల కెక్కెను; ఎగువ కర్నూలు పట్టణము మునిగెను, కుడిగట్టు విద్యుత్కేంద్రములోనికి నీరు చొచ్చెను. అయినను నేను చలింపలేదు. నేనును, నా దిగువనున్న నాగార్జునసాగరమును కొంత కొంత పట్టి విడిచినందుననే, ఆ ప్రవాహము బెజవాడ బ్యారేజీని చేరునప్పటికి 11 లక్షలకు దిగినది.

ఆదిలో 308 టీఎంసీలు పట్టిన నా గర్భము, ఏటేట పేరుకొను పూడిక వలన 215కు కుంచించుకొని పోయినది. గేట్ల నుండి దుమికిన నీరు నా పాదమూలమున లోతైన గుంతను త్రవ్వినది. దానిని బాగుచేయుటకు తగిన కాలము వేసవియే. ఎగువన తొలకరి పడిన పిమ్మట ఆ పని సాగదు.