క్వార్టర్‌కు చుట్టాలొస్తే

సింగరేణి బొగ్గు గనుల క్వార్టర్‌లో చుట్టాలను ఉంచుకోవడం గదుల కొలతకు, నల్లా వేళకు, డ్యూటీ షిఫ్టుకు లోబడి నడిచే వ్యవహారం. ఇంటివాళ్ల ఇష్టాయిష్టాలది నాలుగో స్థానం. గోదావరిఖనిలోనైనా, యైటింక్లైన్ కాలనీలోనైనా కార్మికుల క్వార్టర్ల అమరిక ఇంచుమించు ఒకటే: రెండు గదులు, వంటిల్లు, బయట కాస్త జాగా. ఆ జాగాలో లేచిన రేకుల షెడ్డు, దాని పక్కన జామచెట్టు ఇంటివాళ్ల సొంత కృషి. కంపెనీ ఇచ్చిన గదుల్లో నలుగురు పడుకుంటారు. ఐదో మనిషి నుంచి షెడ్డు మొదలవుతుంది. తొమ్మిదో మనిషి జామచెట్టు కింద నులక మంచం మీద తేలతాడు. తెరచాప పడవల్లో దీవులు చుట్టే దొరలు స్నేహితులను పిలిచినప్పుడు, పడవ ఎక్కగానే మంచినీళ్ల లెక్క, పడకల లెక్క అప్పజెబుతారట. క్వార్టర్ కూడా అలాంటి పడవే. కాకపోతే దాన్ని నడిపే గాలి పేరు షిఫ్టు.

చుట్టాల రాకకు కాలాలున్నాయి. అన్నిట్లో గట్టిది దసరా ముందర లాభాల వాటా చేతికందే కాలం. సింగరేణి లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం 1999–2000లో పది శాతంతో మొదలైంది. 2024లో అది 33 శాతానికి చేరి, మొత్తం 796 కోట్లయింది, సగటున మనిషికి లక్షా తొంభై వేలు. ఈ అంకె కార్మికుడి భార్య చెవిన పడేలోపే వరంగల్, కరీంనగర్ వైపు చుట్టాలు పేపర్లో చదివేస్తారు. అందులో "సగటు" అన్న మాట మాత్రం ఎవరి కంటా పడదు. మస్టర్లు, అంటే హాజరు రోజులు, తక్కువైతే వాటా కూడా తగ్గుతుందన్న సంగతి అసలే పడదు. వచ్చినవాళ్లు మొదటి పూట ఆరోగ్యం అడుగుతారు, రెండో పూట పిల్లల చదువులు అడుగుతారు, మూడో పూట "బావా, ఒక్క మాట" అని షెడ్డు వెనక్కి పిలుస్తారు.

రెండో కాలం గోదావరి తెచ్చేది. 2015 జూలైలో పుష్కరాలప్పుడు కాలనీల్లో ఖాళీ చాప దొరకలేదు. 2027లో మళ్లీ పుష్కరాలు కాబట్టి, ముందుచూపు ఉన్నవాళ్లు షెడ్డు రేకులు మార్చే ఆలోచనలో ఉన్నారు. రెండేళ్లకోసారి మాఘంలో, మేడారం రద్దీకి జంకినవాళ్లు ఇక్కడి గోదావరి ఒడ్డున జరిగే సమ్మక్క–సారలమ్మ జాతరకు వస్తారు. ఇక మే నెలలో, రామగుండం ఎండ నలభై ఐదు దాటిందని పేపర్లు రాసే రోజుల్లో, ఈ దారి పట్టేవాళ్లు రెండే రకాలు: ఊళ్లో అందరితో తగాదా పడ్డవాళ్లు, పిల్లనిచ్చేవాళ్లు. ఈ రెండో రకంవాళ్లు పిల్లగాడి కన్నా ముందు కూలర్‌ను చూస్తారు.

షిఫ్టులు మూడు. పొద్దున ఏడింటికి ఫస్ట్, మధ్యాహ్నం మూడింటికి సెకండ్, రాత్రి పదకొండింటికి నైట్. ఫస్ట్ షిఫ్టు వారంలో వచ్చిన చుట్టం అదృష్టవంతుడు. సాయంత్రానికి ఇంటాయనా దొరుకుతాడు, యాటకూరా దొరుకుతుంది. సెకండ్ షిఫ్టు వారంలో ఇంటాయన వచ్చేసరికి చుట్టం పడుకుని ఉంటాడు, చుట్టం లేచేసరికి ఇంటాయన పడుకుని ఉంటాడు. ఇద్దరికీ మధ్య సమాచారం ఇంటామె ద్వారా నడుస్తుంది.

అసలు పరీక్ష నైట్ షిఫ్టు. బాయి నుంచి, అంటే గని నుంచి, వచ్చిన మనిషి స్నానం చేసి, ఇంత తిని, తొమ్మిదింటికి నడుం వాలుస్తాడు. వెలుతురు రాకుండా కిటికీకి దుప్పటి కడతారు. అక్కడి నుంచి ఇల్లంతా గుసగుసల్లో నడవాలి. విజిల్ మోగుతుందని ఇంటామె కుక్కర్ దించేసి, పప్పు గిన్నెలోనే ఉడకబెడుతుంది. పిల్లలకు ఈ విద్య పుట్టుకతో వస్తుంది. ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషికి రాదు. ఈ గట్టు మీంచి ఆ గట్టు మీది మనిషిని పిలిచి అలవాటైన గొంతు అది. "మెల్లగ మాట్లాడు పెద్దబాపూ, మీ అల్లుడు పండుకున్నడు" అని ఆమె చెవిలో చెబితే, "అయ్యో, పండుకున్నడా! రాత్రంత కష్టపడ్డడు బిడ్డ!" అని అదే గొంతుతో జాలిపడతాడు. "లేచిన మామా, మీరు మాట్లాడుండ్రి" అని లోపలి నుంచి జవాబొస్తుంది.

నల్లా వేళకే వస్తుంది. గోదావరి పక్కనే ఉండి నీళ్లకు కరువేమిటని చుట్టాలు ఆశ్చర్యపోతారు గానీ, డ్రమ్ములు నింపే వేళకు వాళ్లు వాకిట్లో కనబడరు. స్నానాల్లో మొదటి హక్కు డ్యూటీకి పోయేవాడిది. తెల్ల పంచె ఉతికి తీగ మీద ఆరేసిన చుట్టానికి సాయంత్రానికి బూడిదరంగు పంచె దొరుకుతుంది.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో రాయి పేల్చే వేళ వేరే ముచ్చట. మొదట అల్మారలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. పళ్లెంలో పచ్చిపులుసు వణుకుతుంది. గోడ మీది వెంకటేశ్వరస్వామి కాస్త ఎడమకు ఒరుగుతాడు. కొత్త చుట్టం చేతిలో ముద్దతోనే వాకిట్లోకి ఉరుకుతాడు. ఇంట్లోవాళ్లు తినడం ఆపరు. "ఏం గాదు బావా, ఓసీపీల బ్లాస్టింగు. వచ్చి కూసో, కూర సల్లారుతది." స్వామిని వెంటనే సరిచేయరు, రేపు మళ్లీ ఒరుగుతాడు కదా. రెండో రోజుకు చుట్టమూ కదలడు. మూడో రోజు, కొత్తగా దిగిన ఇంకో చుట్టానికి తానే అంతా వివరిస్తాడు, బొగ్గు ఎంత లోతున ఉందో సొంత అంచనా కూడా కలిపి.

వచ్చిన ప్రతి మనిషికీ బాయిలోకి దిగి చూడాలని ఉంటుంది. అది చూపించడం ఇంటాయన చేతిలో లేని పని. పర్మిషన్ కావాలి, హెల్మెట్, బూట్లు, క్యాప్ ల్యాంపు కావాలి. అగ్గిపెట్టె, బీడీ పైనే వదలాలని తెలియగానే పెద్దల్లో సగం మందికి బాయి మీద ఆసక్తి పోతుంది. 2022 చివర్లో ఆర్టీసీ "సింగరేణి దర్శన్" పేరుతో హైదరాబాద్ నుంచి గనులు చూపించే బస్సు నడిపింది. సొంత బావమరిది సింగరేణిలో ఉండగా టికెట్ కొనడం పరువు తక్కువ కాబట్టి చుట్టాలు దానికేసి చూడలేదు. వాళ్లకు మిగిలేవి యెల్లంపల్లి ప్రాజెక్టు, రామగిరి ఖిల్లా, దూరం నుంచి ఎన్టీపీసీ చిమ్నీలు.

వెళ్లిపోవడం కూడా షిఫ్టు చేతిలోనే ఉంది. ప్రయాణం ఆదివారమని అనుకుంటారు. శనివారం రాత్రి ఇంటాయనకు ప్లేడే, అంటే సెలవు రోజు, డ్యూటీ పడిందని కబురొస్తుంది. రెట్టింపు జీతమొచ్చే ప్లేడేను చుట్టం కోసం వదులుకున్న కార్మికుడు ఇంతవరకు కనబడలేదు. సోమవారం షిఫ్టు మారి నైట్ పడుతుంది, ఆయన పగలు పండుకున్నప్పుడు చెప్పకుండా పోవడం బాగుండదు. మంగళవారం ఆడబిడ్డను సాగనంపరు. బుధవారం పొద్దున భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ వేళకు ఇంటాయన ఇంకా బాయిలోనే ఉంటాడు కనుక, సకినాల డబ్బాతో సహా చుట్టాలను రామగుండం స్టేషన్‌లో దిగబెట్టడానికి పక్క క్వార్టర్ సెకండ్ షిఫ్టాయన బండి తీస్తాడు.