నాగార్జునుడి లండన్ శిష్యులు

ఇంగ్లండులో బౌద్ధం ఇంత లోతుగా పాతుకుపోయిందని 2025 జూలై 15 దాకా ఎవరికీ తెలియదు. చదువుకోవడానికో, ఉద్యోగానికో వచ్చేవాళ్ళలో చాలామందికి ఆ రోజు నుంచి పాస్‌పోర్టులో వీసా స్టిక్కర్ అంటించేది లేదని బ్రిటన్ హోం శాఖ తేల్చేసింది. ఇకపై అంతా ఈ-వీసాయే. కారణం ఏమిటయ్యా అంటే, ఆ శాఖ అప్పటికి ఏడాదిగా వల్లిస్తున్న పాఠమే: ఈ-వీసా పోదు, దాన్ని ఎవరూ దొంగిలించలేరు, ఎవరూ దిద్దలేరు.

నిజమే. లేనిదాన్ని ఎవరు మాత్రం ఎత్తుకుపోగలరు?

సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట ఆచార్య నాగార్జునుడు ఈ సంగతే చెప్పాడు. ఏ వస్తువుకీ తనదంటూ స్వభావం లేదన్నాడు. ప్రతిదీ వేరే వాటి మీద ఆధారపడి, అవన్నీ కూడినప్పుడు ఉన్నట్టు తోస్తుందన్నాడు. శూన్యవాదం అని దానికి పేరు. మనవాళ్ళు విన్నారు, తలూపారు. కొండకు ఆయన పేరు పెట్టారు, ఆనకట్టకూ ఆయన పేరే పెట్టారు, తవ్వకాల్లో దొరికిన శిల్పాలను ద్వీపం మీద మ్యూజియంలో పెట్టి ఊరుకున్నారు. సిద్ధాంతాన్ని అమల్లో పెట్టే తెగువ మాత్రం లండన్‌లో మార్షమ్ స్ట్రీట్ రెండో నంబరు భవనంలోని అధికారులకే కలిగింది.

ఈ-వీసా కార్డు కాదు. కాగితం కాదు. ఫోన్‌లో దాచుకునే ఫైలు కూడా కాదు. ఎవరైనా అడిగినప్పుడు హోం శాఖ కంప్యూటర్లు తమ రికార్డులను వెతుక్కుని, ఆ క్షణానికి దొరికిన జవాబును తెర మీద చూపిస్తాయి. అడిగేవాడు లేకపోతే జవాబూ లేదు. ఎవరికైనా చూపించాలంటే వెబ్‌సైట్‌లో షేర్ కోడ్ అనే తొమ్మిది అక్షరాల మంత్రం పుట్టించుకోవాలి. యజమానికైతే డబ్ల్యూతో మొదలవుతుంది, ఇంటి ఓనరుకైతే ఆర్‌తో, మిగతావాళ్లకు ఎస్‌తో. తొంభై రోజుల్లో అదీ అంతరించిపోతుంది. అవతలివాళ్ళు ఆ కోడూ, పుట్టినతేదీ కొట్టి తమ తెర మీద తామే చూసుకోవాలి. స్క్రీన్‌షాట్ చెల్లదు. ప్రింటవుట్ చెల్లదు. మనిషి తన ఫోన్‌లో తెరిచి చూపించినా చెల్లదు. కనిపించేదంతా మాయ కాబట్టి.

కనపడ్డ ప్రతి కాగితాన్నీ లామినేషన్ చేయిస్తే తప్ప నిద్రపట్టని జాతి మనది. ఈ తత్వం మన ఇళ్లలో ఎలా దిగుతుందో ఊహించుకోవచ్చు.

"వీసా వచ్చిందన్నావు, ఏదిరా?"

"వచ్చింది నాన్నా."

"మరి చూపించు."

"చూపించేది కాదు నాన్నా. వాళ్ళు చూసుకుంటారు."

"పోనీ వాళ్ళు చూసుకున్నట్టు కాగితమేమైనా ఇచ్చారా?"

తండ్రికి శూన్యవాదం ఒక పట్టాన ఎక్కదు. ఇరవై లక్షలు అప్పు తెచ్చినవాడు ఆయన. చిలుకూరు బాలాజీ సంగతి ఇంకా ఇబ్బంది. పాస్‌పోర్టు పట్టుకుని పదకొండు ప్రదక్షిణలు మొక్కి, పని అయ్యాక నూట ఎనిమిది తిరిగే భక్తులు ఇకపై స్వామికి ఏం చూపిస్తారో తెలియదు. షేర్ కోడ్ చెబుతారేమో. అది ఎస్‌తో మొదలయ్యేదై ఉండాలి. స్వామి యజమానీ కాదు, ఇంటి ఓనరూ కాదు.

ఈ ధర్మంలో కొన్ని ఆంతరంగిక విషయాలున్నాయి. ఉద్యోగం మీద వెళ్లే భర్తకు జూలై 15 నుంచి స్టిక్కర్ లేదు. డిపెండెంటుగా వెంట వెళ్లే భార్యకు మాత్రం అప్పట్లో ఇంకా ఉండేది. అంటే ఆమె వీసా స్థూలశరీరంతోనూ, ఆయన వీసా సూక్ష్మశరీరంతోనూ ఒకే విమానం ఎక్కేవి. దీనికి ముందు పాత బీఆర్‌పీ (బయోమెట్రిక్ నివాస పర్మిట్) కార్డుల కథ నడిచింది. మనిషికి 2027 దాకా అనుమతి ఉన్నా కార్డు మీద మాత్రం డిసెంబర్ 31, 2024 అనే అచ్చు వేసేవారు. ఆ రోజుతో లక్షలాది కార్డులు ఒక్కుమ్మడిగా కన్నుమూయాలి. తీరా గడువు ముంచుకొచ్చాక జనం తెల్లమొహాలు వేయడం చూసి, ప్రయాణాలకు 2025 మార్చి 31 దాకా పనికొస్తుందని కార్డుకు పునర్జన్మ ప్రసాదించారు. తర్వాత జూన్ 1 దాకా మరో జన్మ. ఆ పైన మహాపరినిర్వాణం.

నాగార్జునుడి తర్కంలో చతుష్కోటి అని ఒకటుంది. ఏ విషయం గురించైనా నాలుగే మాటలు అనవచ్చు: ఉంది; లేదు; ఉందీ లేదూ; ఉన్నదీ కాదు, లేనిదీ కాదు. ఆచార్యుడు ఈ నాలుగింటినీ ఖండించాడు. హోం శాఖ నాలుగింటినీ ఒకే వెబ్‌సైట్‌లో అమలు చేసింది.

మొదటి కోటి, ఉంది. లాగిన్ అవుతారు, ఫొటో వస్తుంది, గడువు తేదీ కనిపిస్తుంది. ఎక్కువమందికి ఇదే జరుగుతుంది, కాదనడం అన్యాయం. మన కుర్రాళ్లలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా హీత్రోలో దిగి, పార్ట్‌టైమ్ పనుల్లో చేరిపోతున్నారు కూడా.

రెండోది, లేదు. ఖాతా తెరుస్తారు, ఖాతా ఉంటుంది, అందులో వీసా ఉండదు.

మూడోది, ఉందీ లేదూ. ఒకాయన పాస్‌పోర్టు పాతబడిందని కొత్తది తీసుకున్నాడనుకుందాం. ఆ నంబరును వెబ్‌సైట్‌లోని తన ఖాతాకు జతచేయాలన్న సంగతి మరిచాడు. ఆయనకు ఆ దేశంలో ఉండే హక్కు నిక్షేపంగా ఉంది. సెలవుల తర్వాత శంషాబాద్‌లో చెకిన్ కౌంటర్ దగ్గర నిలబడితే అది లేదు. కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టును మెషీన్ మీద మళ్లీ మళ్లీ రుద్దుతుంది, సూపర్‌వైజర్‌ను పిలుస్తుంది, "సర్, కొంచెం పక్కకు రండి" అంటుంది. ఆమెను అని లాభం లేదు. సరైన పత్రం లేని మనిషిని ఎక్కిస్తే ఎయిర్‌లైన్స్‌కు తలకు 2,000 పౌండ్ల జరిమానా.

నాలుగో కోటి అసలైన రత్నం. ఉన్నదీ కాదు, లేనిదీ కాదు. వీసా గడువు తీరకముందే పొడిగింపు కోరినవాళ్ళు, కాదంటే ఆ నిర్ణయాన్ని తిరిగి చూడమని అర్జీ పెట్టుకున్నవాళ్ళు ఇందులో ఉంటారు. జవాబు వచ్చేదాకా పాత హక్కులన్నీ యథాతథంగా సాగుతాయని అక్కడి 1971 ఇమిగ్రేషన్ చట్టంలోని 3సీ సెక్షన్ చెబుతుంది. హక్కు చట్టంలో ఉంది. చేతిలో రుజువు లేదు. పనికి పెట్టుకున్నవాడు రుజువు చూడకుండా ఉంచుకుంటే, ఆ మనిషికి హక్కు లేదని తేలిన రోజున మొదటి తప్పుకే మనిషికి 45,000 పౌండ్ల దాకా, మళ్లీ దొరికితే 60,000 పౌండ్ల దాకా వదులుతుంది. 2024 ఫిబ్రవరిలో పెంచిన రేట్లివి. అంత డబ్బు పెట్టి శూన్యాన్ని నమ్మే యజమాని ఏ దేశంలోనూ ఉండడు. "రేపటి నుంచి రావద్దు, కాగితం వచ్చాక చూద్దాం" అంటాడు.

ఇది కల్పన కాదు. ఆరోగ్య రంగంలో సహాయకురాలిగా పనిచేసే ఒక మహిళను, ఆమెకు ఆ దేశంలో ఉండే హక్కు పూర్తిగా ఉండగానే, ఆ హక్కు నిరూపించుకోలేదని ఉద్యోగం నుంచి రెండుసార్లు పక్కన పెట్టారు. రామ్‌ఫెల్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి ఆమె కోర్టుకెక్కింది. ఇలాంటివాళ్లకు డిజిటల్ రుజువు ఇవ్వకపోవడం చట్టవిరుద్ధమని లండన్ హైకోర్టు 2024 జూన్‌లో తీర్పు చెప్పింది. న్యాయమూర్తి బౌద్ధుడు కాడు కాబోలు.

చతుష్కోటితో ఆగిపోతే గురువును మించిన శిష్యులు ఎలా అవుతారు? అందుకే అద్వైతంలోకి కూడా దిగారు. (శంకరాచార్యుల్నే ప్రచ్ఛన్న బౌద్ధుడని ప్రత్యర్థులు ఎద్దేవా చేశారు, కాబట్టి దూరం పెద్దగా లేదు.) హోం శాఖ వాడే డేటాబేసులో ఒకరి వివరాలు మరొకరి రికార్డులో కలిసిపోయాయని, అలా ఇద్దరేసి ముగ్గురేసి ఏకమైనవాళ్ళు 76,000 మందికి పైగా తేలారని 2024 మార్చిలో గార్డియన్ పత్రిక అంతర్గత పత్రాలతో సహా బయటపెట్టింది. ఒకరి పేరు కింద ఇంకొకరి ఫొటో. ఒకరి ఖాతాలో ఇంకొకరి పాస్‌పోర్టు నంబరు. నీవు వేరు నేను వేరు అనే భ్రాంతి తొలగించుకోవడానికి మన యోగులు హిమాలయాల్లో ఏళ్ల తరబడి తపస్సు చేస్తారు. ఇక్కడ అర్జీ పెట్టుకుంటే చాలు.

అన్నీ శూన్యమేనా అంటే, కాదు. నాగార్జునుడు సత్యాన్ని రెండు రకాలుగా విడదీశాడు. లోకవ్యవహారానికి ఒకటి, పరమార్థంలో ఒకటి. హోం శాఖలో ఫీజు పరమార్థ సత్యం. స్టూడెంట్ వీసాకు 2025లో 524 పౌండ్లు. ఆరోగ్య సర్‌చార్జి విద్యార్థికి ఏడాదికి 776, ఉద్యోగికి 1,035. వీటిలో ఏ పౌండూ అవతలివాడు చూసినప్పుడు మాత్రమే ఉన్నట్టు తోచేది కాదు. కార్డు మీద పడ్డ మరుక్షణం నాన్నగారి ఫోన్‌కు బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది.

సరే, తప్పు జరిగింది, నిర్ణయాన్ని మళ్లీ చూడండి అని అడగాలంటే దారి లేదా? ఉంది. దాని పేరు అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ. అదీ ఆన్‌లైనే. దేశం లోపలుంటే 14 రోజుల్లోగా, తిరస్కారం అందుకుని హైదరాబాద్‌లో కూర్చుంటే 28 రోజుల్లోగా పెట్టాలి. 80 పౌండ్లు కట్టాలి. విచారించేది ఎవరు? అదే హోం శాఖ. అదే బల్ల మీది మనిషి కాదు లెండి, వేరే బల్ల మీది మనిషి. అత్త మీద ఫిర్యాదు అత్తగారి చెల్లెలికి. మామూలుగా కొత్త ఆధారాలు జతచేయడం కుదరదు, ఎందుకంటే చూసేది మొదటి అధికారి పొరపాటు పడ్డాడా లేదా అన్నదే. అన్నిటికన్నా ముచ్చటైన నిబంధన ఇంకొకటి. లోపలుండి అర్జీ పెట్టుకున్న మనిషి ఫలితం రాకముందే దేశం దాటితే, అర్జీని తనే ఉపసంహరించుకున్నట్టు లెక్క. గుంటూరులో తల్లి ఆస్పత్రిలో ఉన్నా కదలకూడదు. వైరాగ్యం పరిపూర్ణం కావాలి మరి.

ఇక్కడితో ఈ పరాచికం చాలు.

నాగార్జునుడు శూన్యం చెప్పింది మనిషి దుఃఖం తగ్గడానికి. వీళ్ళు చెప్పేది బాధ్యత తగ్గించుకోవడానికి. ఒక ప్రభుత్వం మనిషికి అనుమతి ఇచ్చి, ఆ అనుమతికి రుజువు మాత్రం తన దగ్గరే అట్టిపెట్టుకుంటే, అతను ఉద్యోగంలో చేరిన ప్రతిసారీ, ఇల్లు మారిన ప్రతిసారీ, విమానం ఎక్కిన ప్రతిసారీ ఆ ప్రభుత్వం సర్వర్ దయతలచాలి. కంప్యూటర్ తప్పు చెబితే కాదనడానికి అతని చేతిలో ఏముంది? కార్డు పోగొట్టుకున్నవాడు పోయిందని పోలీసు స్టేషన్‌కు వెళ్లగలడు. హోం శాఖే తన రికార్డు పోగొడితే ఎక్కడికి వెళ్లాలి?

పోగొట్టదు అనడానికి వీల్లేదు. ఆ శాఖ చరిత్ర ఉంది. 1948లో విండ్రష్ ఓడ దిగినప్పటి నుంచి కరీబియన్ దీవుల నుంచి వచ్చి, ఆ దేశంలో బస్సులు నడిపి, ఆస్పత్రుల్లో నర్సులుగా చేసి ముసలివాళ్లయినవాళ్లను, వాళ్ల వెంట పసిపిల్లలుగా వచ్చి అక్కడే పెరిగినవాళ్లను, నువ్వు ఇక్కడివాడివని రుజువు చూపమన్నది ఈ శాఖే. వాళ్ళు దిగిన తేదీకి సాక్ష్యంగా ఉన్న ల్యాండింగ్ కార్డులను 2010లో ధ్వంసం చేసిందీ ఈ శాఖే. ఉద్యోగాలు పోయాయి, ఇళ్లు పోయాయి, క్యాన్సర్‌కు చికిత్స నిరాకరించారు. కనీసం 83 మందిని అన్యాయంగా దేశం దాటించారు. 2018లో గుట్టు రట్టయి హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేసింది. పరిహారం చేతికందకముందే పదుల మంది చచ్చిపోయారు. అంత జరిగాక కూడా, రుజువు మా దగ్గర భద్రంగా ఉంటుంది, మీకెందుకు అంటున్నారు.

పరిష్కారం బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంటర్నెట్ లేకున్నా, వెబ్‌సైట్ పడుకున్నా పనిచేసే క్యూఆర్ కోడ్ ఇవ్వండి, జనం ప్రింటు తీసి పర్సులో పెట్టుకుంటారు అని ద త్రీ మిలియన్ లాంటి సంస్థలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. కోవిడ్ టీకాలకు అదే దేశం అలాంటి కోడ్ ఇచ్చింది, కాగితం మీద కూడా. టీకా వేయించుకున్నవాడి మాటకు దక్కిన కాగితం, లక్షలు కట్టి వచ్చినవాడి బతుక్కి ఎందుకు దక్కదు?

ఏటా సెప్టెంబరు కోర్సులకు మన పిల్లలు సూట్‌కేసులు సర్దుకుంటారు. పచ్చళ్లు తూకం వేసుకుంటారు. వాళ్లలో ఎవరి పేరు కింద ఎవరి ఫొటో వస్తుందో, ఎవరిని కౌంటర్ దగ్గర పక్కకు రమ్మంటారో ముందుగా చెప్పగలవాళ్ళు మార్షమ్ స్ట్రీట్‌లో కూడా లేరు. రివ్యూ కోరి గెలిచినవాళ్లకు ఆ 80 పౌండ్లు తిరిగి ఇస్తారట. ఈలోగా పోయిన ఉద్యోగాన్ని, ఖాళీ చేసిన గదిని, ఎగిరిపోయిన విమానాన్ని ఎవరు తిరిగి ఇస్తారో మాత్రం ఆ నిబంధనల్లో రాయలేదు.