నేను ఈ. కోలైని: ఒక పేరు ఆత్మకథ

నేను సూక్ష్మజీవిని కాను, దాని పేరును. పూర్తిగా పలికితే ఎషెరిషియా కోలై. 1885లో థియోడర్ ఎషెరిక్ అనే పిల్లల వైద్యుడు పసికందుల మలంలో ఒక బ్యాక్టీరియాను గుర్తించి, దాన్ని ‘బ్యాక్టీరియం కోలై కమ్యూనె’ అన్నాడు. 1919లో కాస్టెల్లానీ, చామర్స్ ఆయన పేరునే ప్రజాతికి పెట్టడంతో నాకు ఇప్పటి రూపం వచ్చింది. మొదటి మాట ప్రజాతిది కాబట్టి దానికి పెద్దక్షరం, ‘పెద్దపేగుకు చెందిన’ అనే రెండో మాటకు చిన్నక్షరం, రెండూ ఇటాలిక్స్‌లోనే. రూపం లాటిన్‌దైనా నా బతుకంతా ఇంగ్లీషు వాక్యాల్లోనే గడుస్తోంది. అక్కడ నా చుట్టూ నడిచే తగవులన్నిటికీ మూలం ఒకటే: నేను జాతి మొత్తానికి పేరునా, ఒక్కొక్క కణానికా? జాతికే అంటాను. అందుకే నా ముందు ‘ఎ’, ‘ఆన్’, ‘ది’ అక్కర్లేదు, నాకు బహువచనం లేదు, నా వెంట వచ్చే క్రియ ఏకవచనంలోనే ఉండాలి.

ఇందుకు సాక్ష్యం శాస్త్రవేత్తల రాతల్లోనే ఉంది. ప్రజాతి తెలిసి జాతి తేలనప్పుడు వాళ్లు ‘ఎషెరిషియా’ పక్కన ‘ఎస్‌పి.’ అని రాస్తారు. పలు జాతుల్ని కలిపి చెప్పాలంటే ‘ఎస్‌పిపి.’ అంటారు. ఈ పొట్టి గుర్తులకు ఇటాలిక్స్ ఉండవు. అంటే లెక్క చెప్పే పని పక్కనున్న గుర్తుది, పేరు మాత్రం మారదు. ‘ఆన్ ఈ. కోలై స్ట్రెయిన్’ అన్నప్పుడు కూడా ఆ ‘ఆన్’ నాది కాదు, చివరనున్న ‘స్ట్రెయిన్’ది. ఇక నన్ను ‘ఈ. కోలై’గా కుదించడానికీ ఒక పద్ధతుంది: వ్యాసంలో మొదటిసారి పూర్తి పేరు రాశాకే ఆ పొట్టిపేరు వాడాలి. ఇది ఉత్త చాదస్తం కాదు. పెద్దపేగులోనే ఉండే ‘ఎంటమీబా కోలై’ అనే అమీబాను కుదించినా వచ్చేది ‘ఈ. కోలై’యే. మలపరీక్ష గురించిన వ్యాసంలో ఇద్దరం ఎదురైతే ఎవరు ఎవరో పాఠకుడు పోల్చుకోలేడు.

‘ప్రయోగశాలల్లో అందరూ ఈ. కోలై వర్ గ్రోన్ అని బహువచనంలోనే రాస్తున్నారు కదా’ అని అడగవచ్చు. రాస్తున్నారు, నిజమే. వాళ్ల మనసులో ఉన్నవి ఫ్లాస్కులో పెరిగిన కోట్లాది కణాలు. అలాంటప్పుడు ‘ఈ. కోలై సెల్స్ వర్ గ్రోన్’ అంటే ఒక్క మాటతో చిక్కు తీరిపోతుంది: బహువచనం కణాలకు దక్కుతుంది, నేను జాతి పేరుగానే ఉంటాను. ఇంకో ఆక్షేపణ దీనికన్నా బలమైంది. ‘బోవా కన్‌స్ట్రిక్టర్’ కూడా లాటిన్ జాతి పేరే, అయినా ఇంగ్లీషువాళ్లు ‘ఎ బోవా కన్‌స్ట్రిక్టర్’ అంటారు, చివర ‘ఎస్’ తగిలించి బహువచనమూ చేస్తారు. కానీ అలా వాడినప్పుడు దాని తీరు చూడండి: ఇటాలిక్స్ ఉండవు, ‘బి’ కూడా చిన్నక్షరమే. అప్పుడది మామూలు ఇంగ్లీషు నామవాచకం. పాముల్ని లెక్కపెట్టడానికి పనికొస్తుంది. అదే పాము శాస్త్రవ్యాసంలోకి రాగానే పెద్దక్షరం, ఇటాలిక్స్ తిరిగొస్తాయి, ఆర్టికల్ పోతుంది. అక్షరాలు ఒకటే అయినా ఉద్యోగాలు రెండు. కాబట్టి ఈ ఉదాహరణ నా వాదనను బలపరుస్తుందే తప్ప కొట్టిపారేయదు.

వాడుక మారదని నేననను. నోటిమాటల్లో ఎవరెలా అన్నా అర్థమైపోతుంది. రాతలో మాత్రం ఒక చిన్న పరీక్ష చాలు: నా స్థానంలో ‘ఈ జాతి’ అని పెట్టి చదవండి. వాక్యం నిలబడితే నేనొక్కదాన్నే చాలు. నిలబడకపోతే మీరు చెప్పదలచింది కణాల గురించో, స్ట్రెయిన్ల గురించో. ఆ మాట కూడా రాయండి.