‘కోటేశ్వరమ్మ వచ్చాడు’: యాప్ రాసేవారికి చిట్కాలు

నరసరావుపేటలో కోల్డ్ స్టోరేజీకి యాప్ చేస్తున్నారా? మాచర్లలో పత్తి వ్యాపారులకా? ఎవరికైతేనేం, మాట చివర ‘డు’ లేనిదే తెలుగు నిండుగా ఉండదని ముందే గుర్తుపెట్టుకోండి. జనం ఖాతాదారు, కౌలుదారు అని సరిపెట్టుకుంటారు. అది వాళ్ల బద్ధకం. మీరు మాత్రం ఖాతాదారుడు, కౌలుదారుడు, లబ్ధిదారుడు అనే రాయండి. డ్వాక్రా సంఘం యాప్ అయినా వెనక్కి తగ్గొద్దు. ‘సభ్యుడు వాయిదా కట్టాడు’ అంటే అభ్యంతరం చెప్పడానికి ఆ సంఘంలో మగవాడంటూ ఉంటే కదా!

తెలుగు వికీపీడియాను చూసి చెడిపోకండి. 2003లో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో ఒకప్పుడు ‘సభ్యుడు’ అనే మాట ఉండేది. దాన్ని పక్కనపెట్టి ‘వాడుకరి’ అని తెచ్చుకున్నారు. ఆడో మగో తేలని మాట! పైగా ఆ సాఫ్ట్‌వేర్ మీ గురించి ఎలా రాయాలో మిమ్మల్నే ఎంచుకోమంటుంది, ఏమీ చెప్పకపోయినా ఏమీ అనుకోదు. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీల (బస్తాల) లెక్కకు అంత మర్యాద దేనికి?

అడగడం మోటు. పేరు చూసి కనిపెట్టేయండి. కోటప్పకొండ దేవుడి పేరు పెట్టుకోని ఇల్లు నరసరావుపేట చుట్టుపక్కల అరుదు కాబట్టి కోటేశ్వరరావులూ కోటేశ్వరమ్మలూ మీకు కుప్పలుగా దొరుకుతారు. పేరు గడిని కాస్త ఇరుకు చేశారంటే ఇద్దరూ ‘కోటేశ్వర’ దగ్గరే ఆగిపోతారు. అక్కడ తడబడొద్దు, మగవాడనే ఖాయం చేయండి. నలభై టిక్కీలు దించి అలసిపోయిన కోటేశ్వరమ్మ ఫోన్‌లో ‘కోటేశ్వర వచ్చాడు, అతని సరుకు చేరింది’ అని చదువుకుని, తన సరుకు ఎవడు ఎత్తుకుపోయాడోనని గేటు దాకా పరిగెత్తుతుంది. మీ యాప్‌ను జనం శ్రద్ధగా చదువుతున్నారనడానికి ఇంకేం రుజువు కావాలి?

‘వచ్చాడు’ మింగుడుపడనివారికి వ్యాకరణం తోడుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. అందులో ఆడవారు ఏకవచనంలో అమహత్తుల (పశువులు, వస్తువుల) వైపు, బహువచనంలో మగవారి వైపు. కోటేశ్వరమ్మ వచ్చింది, గేదె వచ్చింది, లారీ వచ్చింది: ముగ్గురికీ ఒకే క్రియ. కోడ్ రాసేవాడికి ఇంతకన్నా పొదుపేముంది!

‘కోటేశ్వరమ్మ గారు వచ్చారు, కోటేశ్వరరావు గారు వచ్చారు అంటే పోలా?’ అని ఎవరో ఒక పెద్దాయన అడుగుతాడు. పోతుంది. ‘తన ఖాతా మార్చుకున్నారు’ అన్నా ఇద్దరికీ అతుకుతుంది. ‘మీరు’ అని పిలిచి మాట్లాడితే అసలు పేచీయే లేదు. అందుకే ఆ పెద్దాయన్ని మీటింగులకు పిలవకండి. ఇంత తేలిగ్గా తెగిపోతే మీకు జీతం ఎందుకిస్తారు? అడ్డగీతలు వాడండి: ‘అతను/ఆమె తెచ్చాడు/తెచ్చింది’. బటన్ సరిపోకపోతే అక్షరాలు చిన్నవి చేయండి, రైతులకు కళ్లజోళ్లు ఉంటాయి.

ఒక ప్రమాదం మాత్రం ఉంది. అతను రాలేదు, ఆమె రాలేదు, లారీ రాలేదు. గడిచిన కాలంలో కాని పని దగ్గర తెలుగు ఎవరినీ విడదీయదు. సాఫ్ట్‌వేర్ చెప్పే కబుర్లలో కాని పనులే ఎక్కువ కాబట్టి, ఏమరుపాటుగా ఉంటే సగం యాప్ దానంతటదే సరైపోతుంది. జాగ్రత్త. ‘చెల్లింపు జరగలేదు’ అని రాయకండి, ‘వినియోగదారుడు చెల్లించడంలో విఫలుడయ్యాడు’ అనండి.

సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న మూడో లింగాన్ని గుర్తించింది కదా, ఫారంలో మూడో గడి పెట్టండి. ఏ గడి నొక్కినా వెళ్లే సందేశం మాత్రం మార్చకండి.

పల్నాట్లో పదవుల పేర్లతో పనిపడితే ‘మంత్రి’ని మగవాడిగానే ఉంచండి. పల్నాటి వీరచరిత్రలోని కోడిపందెం నాటికి యాప్ లేకపోవడం మన దురదృష్టం. గురజాలలో మంత్రి నాగమ్మ, మాచర్ల వైపు మంత్రి బ్రహ్మనాయుడు. పందెం నాగమ్మదైన క్షణాన ‘మంత్రి గెలిచాడు’ అని అందరికీ సందేశం వెళ్లి ఉంటే, ఓడిన మాచర్లవాళ్లు వనవాసానికి మూటలు కట్టుకోవాల్సింది పోయి ఊరేగింపుకు మేళం మాట్లాడుకునేవారు.

చివరగా పరీక్ష. ఆఫీసులో ఉన్న మగవాళ్ల చేతనే యాప్ వాడించి చూడండి, తప్పు ఒక్కటీ దొరకదు. విడుదలయ్యాక కోటేశ్వరమ్మ ఫోన్ చేస్తుంది, దానికీ ముందే ఒక రికార్డింగు సిద్ధం చేసి పెట్టుకోండి: ‘ఫిర్యాదుదారుడు దయచేసి లైన్లో వేచి ఉండగలడు.’